అటకెక్కిన అలెగ్జాండర్

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఊళ్లో గుర్తుపడతారని వీధి పేరు కూడా వద్దన్నారు. కుదించి చెబుతున్నాను.

ఆమె వయసు 34. బ్యాంకులో ఉద్యోగం. ఇంట్లో భర్త, ఆరేళ్ల కూతురు, 71 ఏళ్ల మామగారు. ఆయన జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇల్లు ఆయన కట్టించిందే. హాల్లో మూడు గోడల నిండా పద్నాలుగు పటాలు. దేవుళ్లవి కావు, పెళ్లి ఫోటోలు కావు, అన్నీ యుద్ధాలే. పేరున్న చిత్రకారులు వేసిన ప్రాచీన యుద్ధాలకు ప్రింట్లు తెప్పించి, వరంగల్ చౌరస్తా దగ్గర పటాలు కట్టే షాపులో గాజు వేయించినవి. ఒక్కోదాని కింద ఆయన చేతిరాతతో చీటీ. డీఏ బకాయిలు చేతికి వచ్చినప్పుడల్లా ఒక పటం పెరిగేదట. “నా గాజులకు లేని డబ్బు ఈయన గుర్రాలకు ఎక్కడి నుంచి వస్తుందో” అని అత్తమ్మ సణిగేవారట. సణుగుతూనే ప్రతి శుక్రవారం స్టూలు వేసుకుని అన్నింటినీ తుడిచేవారట. ఆమె పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత పటాలు తుడిచేవాళ్లు లేరు గానీ, కొత్తవి మాత్రం మరో మూడు వచ్చాయి.

సోఫాకు ఎదురుగా ఉన్న పెద్ద పటంతో గొడవ మొదలైంది. అది ఇటలీలోని పాంపేయిలో దొరికిన మొజాయిక్ చిత్రం. అలెగ్జాండర్, పర్షియా రాజు దారియస్ తలపడిన యుద్ధం. అందులో కుడివైపు కింద, రథం దగ్గర పడిపోయిన సైనికుడొకడు తన డాలులో తన ముఖమే చూసుకుంటుంటాడు. దసరా సెలవుల నుంచి పాపకు ఆ ముఖం పట్టుకుంది. “డాలులో ఉన్నాయన నన్నే చూస్తున్నాడు” అంటుంది. రాత్రిపూట హాలు దాటి బాత్రూముకు వెళ్లడం మానేసింది. రెండుసార్లు పక్క తడిపింది.

జనగామ నుంచి వచ్చిన పాఠకురాలి తల్లి, యుద్ధం పటాలున్న ఇంట్లో కలహం తప్పదన్నారు. పైగా ఒక పటంలో మగవాళ్లకు ఒంటి మీద నూలుపోగు లేదని, బతుకమ్మకు వచ్చిన ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారని కూడా అన్నారు. భర్తను అడిగితే “నన్ను మధ్యలోకి లాగకు” అన్నారు. మామగారు కరీంనగర్‌లో పెళ్లికి వెళ్లిన రెండు రోజుల్లో ఆమె ఆ పెద్ద పటాన్ని దించి, పాత దుప్పటిలో చుట్టి, అటక మీద పెట్టేశారు. ఆయన తిరిగి వచ్చి, గోడ మీద మేకును ఒకసారి చూసి, చేతిసంచి కింద పెట్టి, తన గదిలోకి వెళ్లిపోయారు. ఇప్పటికి 19 రోజులు. అడగలేదు, తిట్టలేదు. హాల్లో కూర్చోవడం లేదు. కంచం గదికే తెప్పించుకుంటున్నారు. మనవరాలితో తప్ప ఎవరితోనూ రెండు మాటలకు మించి మాట్లాడటం లేదు.

“అవి అసలు చిత్రాలు కూడా కావు, ప్రింట్లు. వాటి కోసం ఇంత పట్టుదలా? నేను చేసింది తప్పా? మిగతా పదమూడూ గొడవ లేకుండా తీయించే దారి చెప్పండి” అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

పాపను భయపెడుతున్న పటాన్ని దించడం తప్పు కాదు. దించడానికి మీరు ఎంచుకున్న రోజు తప్పు. ఆయన ఇంట్లో ఉండగా దించి ఉంటే ఆయన గట్టిగా ఒక మాట అనేవారు, మీరూ ఒకటి అనేవారు, రాత్రి భోజనాల దాకా ఇద్దరూ మూతి ముడుచుకుని తిరిగేవారు, అంతటితో పోయేది. ఊళ్లో లేనప్పుడు దించడంతో ఆయనకు రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి: పటం పోయిందని, ఇంట్లో ఇక తనను అడగనవసరం లేదని. మౌనమంతా పటం గురించేనని మీరు అనుకుంటున్నారు. నాకు రెండోదే ఎక్కువ బాధించిందనిపిస్తోంది. తాను కట్టించిన ఇంట్లో కంచం గదికి తెప్పించుకునే మనిషి తనను తాను అతిథుల లెక్కలో వేసుకున్నట్టే.

ఇంకొకటి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప భయం సంగతి మీ భర్తకు చెప్పారు, మీ అమ్మగారికి చెప్పారు, ముక్కూమొహం తెలియని నాకు కూడా చెప్పారు. మామగారికి చెప్పినట్టు ఏడు పేజీల్లో ఎక్కడా లేదు. బాత్రూము సంగతీ, తడిసిన పక్క సంగతీ ఆయనకు తెలుసా? తెలియకపోతే ఆయన తనకు తోచిన కారణం అల్లుకుని ఉంటారు. మీ అమ్మగారు వచ్చి వెళ్లారు, కలహం మాట ఆయన చెవిన పడే ఉంటుంది, వెంటనే పటం మాయమైంది. ఆయన స్థానంలో నేనున్నా వియ్యపురాలి మాట నెగ్గిందనే అనుకుంటాను.

ముందు పాప సంగతి. ఆరేళ్ల వయసులో బొమ్మకూ ప్రాణానికీ మధ్య గీత ఇంకా గట్టిపడదు, చీకట్లో మరీ చెరిగిపోతుంది. “ఏమీ లేదు, ఉత్త బొమ్మ” అంటే పాప భయం పోదు, భయం మీకు చెప్పడం మానేస్తుంది. నిజానికి మీ ఇంట్లో ఆ చిత్రాన్ని అందరికంటే బాగా చూసింది మీ పాపే. అది చావబోతున్న మనిషి తన ముఖాన్ని తానే చూసుకునే క్షణం. రెండు వేల ఏళ్ల కిందట ఎవరో పనివాడు గోరంత రాళ్లు ఏరి, పేర్చి, మెరిసే డాలునూ అందులోని ముఖాన్నీ నిలబెట్టాడు. చూసేవాళ్ల గుండె ఝల్లుమనాలనే ఆ పని చేశాడు. పాప గుండె ఝల్లుమంది. అందులో దాని తప్పు లేదు.

హాల్లో చిన్న లైటు వెలిగించి ఉంచండి. రాత్రి ఒకసారి మీరే లేపి తీసుకెళ్లండి. తడిసిన పక్క గురించి ఎవరి ముందూ మాట్లాడకండి. పటం దించిన ఈ 19 రోజుల్లో పాప హాలు దాటుతోందా లేదా, అది మీరు రాయలేదు. దాటుతుంటే సరే. దాటకపోతే భయానికి వేరే మూలం ఉండవచ్చు. తాత ఎందుకు గదిలో తింటున్నాడన్నది కూడా ఆ వయసు పిల్లలకు చిన్న విషయం కాదు. ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే పిల్లల డాక్టరుకు చూపించండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా అలాగే జరుగుతుంది. పరీక్ష చిన్నదే. నేరమంతా పాంపేయి సైనికుడి మీద తోసేసి అసలుది వదిలేయకూడదు.

ఇప్పుడు పటాల దగ్గరికి వస్తాను. మూడో పేజీలో మీరు ఆయన చీటీలు చూసి రాసిన జాబితా ఉంది. అది రాయడం మంచిపనైంది, ఎందుకంటే మీరు ‘యుద్ధం పటాలు’ అని ఒక్క మాటలో చుట్టేసినవి ఒకదానికొకటి పోలికే లేనివని దాన్ని చూస్తేనే తెలిసింది. ఏనుగులతో రోమ్ మీదికి వెళ్లిన సేనాని హనిబాల్ ఆల్ప్స్ కొండలు దాటే చిత్రముందే, 1812లో టర్నర్ వేసింది, అందులో కనిపించేదంతా మంచుతుపానే. దూరంగా ఏనుగు ఆవగింజంత ఉంటుంది. అజంతా 17వ గుహలోని సింహళుడి దండయాత్రలో ఏనుగులు ఊరేగింపుకు వచ్చినట్టు నిండుగా ఉంటాయి. అక్బరు చేయించిన ‘రజ్మ్‌నామా’లోని పుట ఒకటుంది. రజ్మ్‌నామా అంటే పర్షియన్‌లో యుద్ధ గ్రంథం, అది మన మహాభారతమే. వీటిలో ఏది చూసి పాప జడుసుకుంది? మీ ఉత్తరం ప్రకారం పద్నాలుగింటిలో ఒక్కటే. మీకు ఇబ్బందిగా ఉన్నది ఇంకొకటి, ఆ నూలుపోగు లేనివాళ్లది. మిగతా పన్నెండింటి మీద మీకున్న ఫిర్యాదు ఏమిటి? మీరు రాసిన దాంట్లో దుమ్ము తప్ప నాకేమీ కనబడలేదు. దుమ్ము చిన్న ఫిర్యాదు కాదు, ఉద్యోగం చేసి వచ్చి ఇల్లు తుడుచుకునే మనిషికి. కానీ అది వేరే ఫిర్యాదు.

మీ అమ్మగారి మాటకు వస్తే, వాస్తు గురించి నేను వాదించను. ఒక్కటి మాత్రం గుర్తు చేస్తాను. తెలుగువాళ్ల ఇళ్లలో గీతోపదేశం పటం లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు, మీ అమ్మగారింట్లోనూ ఉండే ఉంటుంది. అది ఎక్కడ జరిగింది? పదకొండు అక్షౌహిణులు అటు, ఏడు ఇటు నిలబడ్డ కురుక్షేత్రం నడుమ. అయితే ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. గీతోపదేశంలో బాణం ఇంకా వింటిని వదల్లేదు. ఆ పటం కింద కూర్చుని అన్నం తినవచ్చు. పాంపేయి చిత్రంలో ఈటె అప్పటికే ఒకడి పక్కటెముకల్లో దిగింది, దారియస్ వాడి వైపు చేయి చాచి ఉన్నాడు, సారథి కొరడా ఎత్తాడు. యుద్ధంలో ఏ క్షణాన్ని గోడకు తగిలించామన్నది తేడా తెస్తుంది. పటాలను అలా వేరుచేస్తే మీ అమ్మగారికీ మామగారికీ మధ్య మీరు ఊహించినంత దూరం ఉండదు. గీతోపదేశం సంగతి మాత్రం ఆవిడతో వాదనకు వాడకండి. నెగ్గుతారు. నెగ్గాక ఆవిడ మీ ఇంటికి రావడం తగ్గిస్తుంది.

“ప్రింట్లే కదా” అన్నారు. నిజమే, అమ్మబోతే బీడింగు కర్ర ఖరీదు కూడా రాదు. కానీ మీరు అటకెక్కించిన దాని కథ వినండి. మన ఇళ్లలో ఒకప్పుడు మొజాయిక్ గచ్చు వేయించేవారు చూడండి, అలా అది పాంపేయిలో ఒక సంపన్నుడి ఇంటి నేల. వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయి 1831లో బయటపడింది. ఐదు మీటర్లకు పైగా వెడల్పు, పదిలక్షలకు పైగా రాతి ముక్కలు. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. పాంపేయిలో ఆ ఇంటికి వెళ్లినవాళ్లకు నేల మీద కనిపించేది నకలు. ఆ మొజాయిక్ కూడా అంతకుముందెప్పుడో ఒక గ్రీకు చిత్రకారుడు వేసి, తర్వాత నశించిన చిత్రానికి నకలేనని పండితులు అంటారు. నకలుకు నకలు, దానికి మీ మామగారి ప్రింటు. హైదరాబాద్ స్టేట్ మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లకే ఒక గ్యాలరీ ఉంది, జనం టికెట్టు కొనుక్కుని చూస్తారు. నల్లబోర్డు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసి “ఇటు దారియస్, ఇటు అలెగ్జాండర్” అని ఏళ్ల తరబడి చెప్పిన మాస్టారికి ఆ ప్రింటు ఎంత విలువైనదో మనం లెక్క కట్టలేం. అత్తమ్మ గాజుల లెక్క న్యాయమైనదే, అదీ ఒప్పుకుంటాను.

ఇక అత్తమ్మ పోయిన తర్వాత వచ్చిన మూడు పటాలు. వాటి పేర్లు మీరు మామూలుగా రాసుకుంటూ పోయారు, నేను అక్కడ ఆగిపోయాను. ఒకటి రవివర్మ వేసిన జటాయువు: రెక్క తెగిన పక్షి, కత్తి ఎత్తిన రావణుడు, చూడలేక ముఖం కప్పుకున్న సీత. రెండోది ఫ్రెంచి చిత్రకారుడు లెబ్రన్‌ది, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 12 మీటర్లకు పైగా వెడల్పున ఉంటుంది. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున ఓడిపోయి, గాయాలతో నలుగురు మోసుకొస్తే అలెగ్జాండర్ ముందుకు వచ్చిన పోరస్. మూడోది డేవిడ్ 1814లో పూర్తిచేసిన లియోనిడాస్: థెర్మాపిలే కనుమలో రేపు బతకమని తెలిసి కూర్చున్న స్పార్టా రాజు, వెనక రాతి మీద కత్తి పిడితో ఏదో చెక్కుతున్న సైనికుడు. అత్తమ్మ ఉన్నప్పుడు కొన్న పదకొండింటిలో ఎక్కువగా గెలిచినవాళ్లే ఉన్నారు. ఆమె పోయాక కొన్న మూడింటిలో ముగ్గురూ ఓడినవాళ్లే. నేనేదో కనిపెట్టేశానని చెప్పడం లేదు. ప్రింట్లు అప్పుడు అవే దొరికాయేమో. కానీ భార్య పోయిన మనిషి ఈ మూడేళ్లలో నోరు విప్పి ఏం చెప్పుకున్నాడో మీ ఉత్తరంలో లేదు. ఏం కొన్నాడో ఉంది.

కాబట్టి పదమూడూ తీయించే దారి అడిగారు గానీ, ఆ దారి ఉందనే నా భయం. మీ భర్త చేత ఒక్క మాట అడిగిస్తే చాలు, ఆయన “మీ ఇష్టం” అంటారు. 71 ఏళ్ల మనిషిని ఒప్పించడం కష్టం కాదు. గోడల మీద పద్నాలుగు తెల్ల మచ్చలు మిగులుతాయి, సంక్రాంతికి రంగులు వేయిస్తే అవీ పోతాయి. ఆ తర్వాత ఆయన హాల్లోకి రావడానికి మాత్రం కారణం ఉండదు. మీకు కావలసింది అదే అయితే నేను అడ్డం చెప్పేదేమీ లేదు. ఇల్లు నడిపేది మీరు. కానీ ఉత్తరంలో మూడు చోట్ల “ఆయన ముందులా మాట్లాడితే చాలు” అని రాశారు. రెండూ ఒకేసారి దొరకవు.

అటక మీద నుంచి దించి, ఏమీ జరగనట్టు మళ్లీ అదే మేకుకు తగిలించడం ఇంకో దారి. ఆయన గది నుంచి బయటికి వస్తారు. పాప మళ్లీ గోడ వైపు చూడకుండా పరిగెత్తుతుంది. అడగకుండా తీసినట్టే అడగకుండా పెట్టారని ఆయన మనసులో ఉండనే ఉంటుంది. ఇది నాకు నచ్చలేదు.

మేడ మీద గది ఖాళీగా ఉంది, అన్నీ అక్కడికి చేర్చి ‘తాత మ్యూజియం’ అందామా అని కూడా అడిగారు. వినడానికి ముచ్చటగా ఉంది. ఆయన మోకాళ్ల సంగతి మీరే రాశారు. వరంగల్ ఎండల్లో మేడ మీద గది ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొయ్యిలా ఉంటుంది, ప్రింట్లకూ మంచిది కాదు, మనిషికీ కాదు. పటాలతో పాటు మనిషినీ మేడెక్కించినట్టవుతుంది. కాలేజీకి ఇచ్చేయడం ఆయన నోటి నుంచి వస్తేనే బాగుంటుంది. అప్పుడైనా ముందు వెళ్లి అడగండి, గోడ చూపించమనండి. చాలా కాలేజీల్లో విరాళంగా వచ్చిన పటాలు స్టోరు గదిలో విరిగిన బెంచీల వెనక ఉంటాయి. అక్కడ వాటిని చూస్తే ఆయన తట్టుకోలేరు.

నాకు తోచింది చెబుతాను. మీ జాబితాలో తొమ్మిదో పటం ఆల్ట్‌డార్ఫర్ అనే జర్మన్ చిత్రకారుడిది, 1529లో బవేరియా ప్రభువు కోసం వేశాడు. అది క్రీ.పూ. 333 నాటి ఇస్సస్ యుద్ధం, అంటే అలెగ్జాండర్, దారియస్‌లదే. పాంపేయి మొజాయిక్‌లో ఉన్నది కూడా అదే యుద్ధమని చాలామంది అంటారు. ఆల్ట్‌డార్ఫర్ మాత్రం కొండ మీద నుంచి చూసినట్టు వేశాడు. వేలమంది సైనికులు చీమలబారుల్లా ఉంటారు, పైన సగం చిత్రం ఆకాశమూ సముద్రమూ సూర్యుడూ. ముఖాలు నువ్వుగింజంత. ఒళ్లంతా ఇనుప కవచాలు తొడిగిన జర్మన్ యోధులు గ్రీకుల వేషం కడితే ఎలా ఉంటుందో అలా ఉంటారు, ఆ సంగతి మాస్టారిని కదిపితే గంటసేపు చెబుతారు. నెపోలియన్ దీన్ని పారిస్‌కు పట్టుకుపోయి స్నానాల గదిలో తగిలించుకున్నాడని చెబుతారు. మీ మామగారి అభిరుచి వింతగా ఉందనుకుంటే ఆ మహానుభావుడిని తలుచుకోండి. ఇప్పుడిది మీ ఇంట్లో తలుపు వెనక, ఫ్యాను స్విచ్చుల పక్కన ఉందని రాశారు. సోఫా ఎదుటి మేకుకు దీన్ని తగిలిస్తే ఇస్సస్ యుద్ధం హాల్లోనే ఉంటుంది, డాలులో ముఖం మాత్రం ఉండదు. మూడు గుర్రాల రథం ఎక్కడుందో వెతకమంటే పాపకు ఒక సాయంత్రం గడుస్తుంది. మొజాయిక్ ఆయన గదిలో మంచం ఎదుట ఉంటుంది, పాప ఆ గదిలోకి వెళ్లేటప్పుడు తాత పక్కనే ఉంటాడు. పాపకు ఆ భయం కూడా ఉంటే, గోడ వైపు తిప్పి ఉంచడమో, ఒక గుడ్డ కప్పడమో చేసి, ఎప్పుడు తీయాలో పాపనే చెప్పనివ్వండి. బలవంతంగా చూపించి భయం పోగొడతాననడం మాత్రం ఎవరినీ చేయనివ్వకండి, ఆయనను కూడా.

ఇది మీరు నిర్ణయించి ఆయనకు చెప్పేది కాదు. ముందు పటం తీసిన సంగతి చెప్పాలి. టీ కప్పుతో ఉపోద్ఘాతం అక్కర్లేదు. “మామయ్యా, మీరు ఊళ్లో లేనప్పుడు అడగకుండా పటం తీశాను, తప్పే. పాప డాలులో ముఖం చూసి జడుసుకుంటోంది, రాత్రిళ్లు పక్క తడుపుతోంది, మీకు చెప్పలేదు. ఎక్కడ పెడదామో మీరు చెప్పండి” అనండి. అమ్మగారి పేరు తేవద్దు, వాస్తు పేరు తేవద్దు. 19 రోజులది ఒక్కసారిగా బయటపడవచ్చు, అత్తమ్మ ప్రస్తావన కూడా రావచ్చు, రానివ్వండి. “పారేయండి” అంటే పారేయకండి, బతిమాలకండి. ఆయన గదిలో గోడకు ఆనించి వచ్చేయండి. ఆయన తొమ్మిదో నంబరు వద్దని ఇంకో పటం అంటే అదే తగిలించండి.

అన్నీ ఒకేసారి గోడ మీద ఉండాలా అన్నది తర్వాత ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు. కాగితం మీది చిత్రాలను పెద్ద మ్యూజియాలే ఏడాది పొడవునా వేలాడదీయవు. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి కాబట్టి కొన్ని నెలలు ఉంచి లోపల పెట్టేస్తారు. హాల్లో నాలుగైదు, మిగతావి ఆయన గదిలో బీరువా పక్కన నిలబెట్టి, పండగకో పబ్బానికో మార్చుకోవచ్చు. ఏవి ఎప్పుడు ఉండాలన్నది ఆయన చూసుకుంటారు. మీకు తుడవాల్సినవి పద్నాలుగు నుంచి ఐదుకు తగ్గుతాయి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే పన్నెండు పటాలతో బతకడం అంత కష్టమేమీ కాదని నా అభిప్రాయం, మీరు వేరేలా అనుకోవచ్చు.

నూలుపోగు లేనివాళ్ల పటం డేవిడ్‌దే, 1799 నాటిది. రోమన్లు పొరుగువాళ్లైన సేబైన్ల ఆడపిల్లలను ఎత్తుకెళ్లారు. కొన్నేళ్లకు తండ్రులూ అన్నదమ్ములూ సైన్యంతో వచ్చారు. అప్పటికి ఆ ఆడవాళ్లకు పిల్లలు పుట్టారు. వాళ్లు పిల్లలను తెచ్చి కత్తుల మధ్య నేల మీద పెట్టి, తామూ మధ్యలో నిలబడ్డారు. తెల్ల బట్టల్లో చేతులు చాచి నిలబడ్డ ఆవిడకు ఒకవైపు మొగుడు, ఇంకోవైపు తండ్రి. బతుకమ్మకు వచ్చి నవ్వినవాళ్లు ఆవిడను చూశారో లేదో. అయినా సరే, మీ హాల్లో నలుగురి ముందు మీరు తలదించుకోవాల్సిన పని లేదు. ఆ పటం నాకు ఇబ్బందిగా ఉందని సూటిగా చెప్పి వేరే చోట పెట్టమనే హక్కు మీకుంది. అది మొజాయిక్ మాట తేలిన వారానికి అడగండి, అదే రోజు వద్దు.

మీ భర్తకు ఒక ముక్క. నన్ను మధ్యలోకి లాగకు అనే మనిషి అప్పటికే మధ్యలో ఉన్నాడు. ఆయన తండ్రితో రాయబారం నడపనక్కర్లేదు. పటం దించడానికీ మేకు కొట్టడానికీ చేయి సాయం చేస్తే చాలు. పాత పటాల వెనక నూలుతాడు ఉంటుంది, అది చివికిపోయి ఉంటే తెంపి తీగ వేయించమనండి. అంత గాజు పిల్ల నెత్తిన పడకూడదు.

తాత పాపతో మాట్లాడుతున్నారన్నారు కదా, ఒక ఆదివారం ఇద్దరినీ కోటకు పంపండి. జనవరి వస్తే విద్యార్థులను సైకిళ్ల మీద తీసుకెళ్లి రాతికోట 45 బురుజులు లెక్కపెట్టించేవారని మీరే రాశారు. పద్నాలుగు పటాల్లో ఓరుగల్లు ముట్టడి ఒక్కటీ లేదు. 1323లో ఆ గోడల మధ్య జరిగిన దాన్ని ఆయన పటం లేకుండానే చెప్పగలరు. పల్నాటి వీరుల కథను ఓరుగల్లులో పాడుతుంటే జనం గుమిగూడి వినేవారని ఓరుగల్లును వర్ణించే పాత తెలుగు కావ్యం క్రీడాభిరామంలో ఉంది, ఈ ఊరివాళ్లకు యుద్ధం కథలు కొత్త కాదు. పాపకు విసుగు పుడితే తోరణాల దగ్గర ఆడుకుంటుంది.

ఇవన్నీ తర్వాత. ఈ సాయంత్రం ఆయన ఇంట్లో ఉండగా పటాన్ని అటక మీద నుంచి దించండి. శ్లాబు కింద వేడికి, తేమకు ప్రింటు గాజుకు అతుక్కుంటే మళ్లీ ఊడదు, చింపడమే. వెనక అట్టకు చెదలు పట్టిందేమో చూడండి. తుడిచేటప్పుడు నీళ్లు గాజు మీద చల్లకండి, గుడ్డ మీద చల్లి పిండండి. గాజు మీద చల్లితే బీడింగు అంచుల్లోంచి లోపలికి దిగి మరకలు కడతాయి. మెత్తటి పాత నూలుగుడ్డ ఉంటే మంచిది, అత్తమ్మ వాడినది ఇంట్లో ఎక్కడో ఉండే ఉంటుంది. ఎక్కడుందో తెలియకపోతే మామగారిని అడగండి.